పరాయి పొలంలోంచి పబ్లిక్ దారి: ఈడేల్ చుట్టూ నడక

ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరు. ఒక రైతు పొలం, చుట్టూ రాతిగోడ, లోపల ఆయన గొర్రెలు. ఆయనెవరో మీకు తెలీదు, మీరెవరో ఆయనకి తెలీదు. అయినా మీరు గేటు తీసుకుని, పొలం మధ్యలోంచి నడిచి, అవతలి గేటు జాగ్రత్తగా వేసి వెళ్లిపోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు, టికెట్టూ లేదు. ఆయన కిటికీలోంచి చూస్తుంటే చెయ్యి ఊపి మరీ వెళ్లొచ్చు. ఇందులో ఆయన దయ ఏమీ లేదు, అక్కడి చట్టమే అలా ఉంది.

మా పెద్దమ్మ కూతురు షెఫీల్డ్‌లో మాస్టర్స్ చేస్తోంది. ఆదివారం అయితే చాలు, నలుగురైదుగురు తెలుగు పిల్లల్ని పోగేసి కొండలెక్కుతుంది. ఫొటోలు చూసి నేను అడిగిన మొదటి ప్రశ్న: "అక్కా, అది ఎవరిదో పొలం కదా, ఎవరూ ఏమీ అనరా?" దానికి ఆమె "గేటు మీద పసుపు బాణం ఉందిరా, ఎవరూ ఏమీ అనకూడదు" అంది. ఆ పసుపు బాణం సంగతి తెలుసుకుందామని మొదలుపెడితే ఈ వ్యాసం అయింది. వచ్చే ఏడాది మనవాళ్లు కొందరు ఆ దేశం వెళ్తారు కాబట్టి ఉపయోగపడొచ్చు కూడా.

ముందు బాణాల గురించి. పసుపు బాణం అంటే ఫుట్‌పాత్, అంటే కాలినడకకి మాత్రమే. (మన ఊళ్లో ఫుట్‌పాత్ అంటే పానీపూరీ బండి ఉండే చోటు. అక్కడ పొలాల్లో దారిని కూడా అదే మాటతో పిలుస్తారు.) నీలం బాణం ఉంటే గుర్రం మీదా, సైకిల్ మీదా కూడా వెళ్లొచ్చు. ఎరుపు ఉంటే బండ్లకి కూడా అనుమతే. బాణంతో పాటు ఓక్ చెట్టు కాయ బొమ్మ కనిపిస్తే అది దేశంలోని పెద్ద నడకదారుల్లో ఒకటి అని గుర్తు. ఇలాంటి హక్కుదారులు ఇంగ్లండ్, వేల్స్ రెండూ కలిపితే సుమారు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి.

ఈ దారులన్నీ ఒక మ్యాప్‌లో ఎక్కి ఉంటాయి. దాని పేరు డెఫినిటివ్ మ్యాప్. ప్రతి కౌంటీ కౌన్సిల్ దాన్ని తయారుచేసి ఉంచుకోవాలని 1949లో చట్టం చేశారు. మన భాషలో చెప్పాలంటే అది ప్రొడక్షన్ డేటాబేస్. అందులో దారి ఉంటే కోర్టులో ఇక వాదన లేదు. భూమి చేతులు మారినా దారి మారదు. రైతు పొలం దున్ని దారిని చెరిపేస్తే, మామూలుగా 14 రోజుల్లోపు కనీసం ఒక మీటరు వెడల్పున మళ్లీ నడవగలిగేలా చేసివ్వాలి. దారి ఉన్న పొలంలో పది నెలలు దాటిన పాడి జాతి ఆబోతుని వదలకూడదని కూడా రూలు! పాడి జాతి ఆబోతులు మనుషుల మీదకి రావడం ఎక్కువట, అందుకని.

మ్యాప్‌లో లేని దారి మాటేమిటి? జనం ఎవర్నీ అడక్కుండా, బలవంతం లేకుండా, బాహాటంగా 20 ఏళ్ల పాటు నడిస్తే అది పబ్లిక్ దారి అయినట్టే లెక్క. భూమి యజమాని ఈలోపు 'ఇది పబ్లిక్ దారి కాదు' అని స్పష్టంగా చూపించి ఉండకూడదు, అంతే. ఈ 20 ఏళ్ల లెక్కని చట్టంలో పెట్టింది 1932లో. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక్కడ మన సంగతి ఒక్క మాట చెప్పుకోవాలి. మనకీ 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో ఇలాంటి 20 ఏళ్ల లెక్క ఉంది. కానీ అది ముఖ్యంగా ఒక పొలం ఉన్నవాడికి పక్క పొలం మీదుగా తన పొలానికి వెళ్లే హక్కు. అంటే హక్కు భూమిని పట్టుకుని ఉంటుంది. అందరి దారి అంటే మనకి డొంక, పుంత, బండ్ల బాట. గ్రామ పటంలో గీతగా ఉంటాయి. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చెరువు దాకా పోయే డొంక ఒకటి ఉంది. అమ్మ చిన్నప్పుడు రెండు ఎడ్లబండ్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేవట. ఇప్పుడు రెండు వైపులా గట్లు జరిగి జరిగి, బైక్ పోతే అదే గొప్ప. డొంకలో షికారుకి నడిచేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి అది సన్నబడుతుంటే అడిగేవాళ్లూ లేరు. ఇంగ్లండ్‌లో తేడా ఎక్కడుందంటే, అక్కడ ఊరికి సంబంధం లేనివాళ్లు కూడా దారి కోసం కొట్లాడారు. ఆ కొట్లాట ఎక్కువగా జరిగిన చోటే ఈడేల్ పక్కనున్న కొండ.

ఈడేల్ డర్బీషైర్‌లో ఉంటుంది. మాంచెస్టర్‌కీ షెఫీల్డ్‌కీ మధ్య ఒక లోయ, అందులో నోయ్ అనే చిన్న ఏరు. 1894లో ఈ లోయ గుండా రైలు మార్గం వేశారు. షెఫీల్డ్ నుంచి అరగంట పైచిలుకు, మాంచెస్టర్ నుంచి ముప్పావుగంట. రెండు పబ్‌లు, ఒక చర్చి, బడి, కొన్ని రాతి ఇళ్లు, అంతే ఊరు. నిజానికి ఈడేల్ అనేది లోయ పేరు, అందులో ఐదు చిన్న పల్లెలున్నాయి: అప్పర్ బూత్, బార్బర్ బూత్, గ్రైండ్స్‌బ్రుక్ బూత్, ఆలర్‌బ్రుక్ బూత్, నెదర్ బూత్. బూత్ అంటే ఓటేసేది కాదు. పశువుల్ని మేపుకునేవాళ్లు వేసుకున్న పాక. మన గద్వాల వైపు కాలూర్ తిమ్మన్‌దొడ్డి లాంటి పేర్లలో ఉండే 'దొడ్డి'కి దగ్గరగా ఉంది కదూ. మందలు పోయినా పేర్లు మిగిలాయి, రెండు చోట్లా.

అక్క వాళ్లు ఎక్కువగా వెళ్లే పెద్ద రూట్ కిండర్ స్కౌట్. ఊళ్లో ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పబ్ దగ్గర మొదలు. అక్కడి నుంచే పెన్నైన్ వే కూడా మొదలవుతుంది. అది 268 మైళ్లు ఉత్తరానికి పోయి స్కాట్లండ్‌లో కర్క్ యెథమ్ అనే ఊళ్లో ఆగుతుంది. మనం అంత దూరం పోం. పొలాల మీదుగా పడమరకి నడిస్తే అప్పర్ బూత్ వస్తుంది. ఈ మొదటి ముక్కలోనే గేట్లన్నీ తగులుతాయి. స్టైల్ అంటే గోడకి అటూ ఇటూ మెట్లు, ఎక్కి దిగాలి. స్క్వీజ్ స్టైల్ అంటే గోడలో సన్నటి సందు, మనిషి దూరతాడు, గొర్రె దూరదు. (మా హాస్టల్ మెస్ తిన్నవాళ్లకి ఇబ్బంది లేదు. ఇంటి దగ్గర్నుంచి వచ్చేవాళ్లు ఆలోచించుకోవాలి.) నాకు బాగా నచ్చింది కిస్సింగ్ గేట్. అరచంద్రాకారంలో ఒక కంచె, దాని మధ్య ఊగే గేటు. ఒక మనిషి లోపలికి వచ్చి, గేటుని అవతలికి నెట్టి, బయటికి పోతాడు. గేటు ఏ స్థితిలో ఉన్నా పశువుకి పూర్తి దారి దొరకదు. గొళ్లెం లేదు, మర్చిపోయి తెరిచి వదిలేయడం అసలు కుదరదు. ఇంత మంచి ఎర్రర్ హ్యాండ్లింగ్ మా ల్యాబ్ ప్రోగ్రాముల్లో చూడలేదు.

అప్పర్ బూత్ దాటాక ఏటి మీద సన్నటి రాతి వంతెన వస్తుంది. వీపు మీద మూటలు మోసే గుర్రాల కోసం కట్టింది. మన బంజారాలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం మోసినట్టు అక్కడ గుర్రాల మీద కొండలు దాటించేవాళ్లు. వంతెన అవతల నిటారుగా మెట్లు. వాటిని జేకబ్స్ లాడర్ అంటారు. జేకబ్ మార్షల్ అనే రైతు ఈ మెట్లు తవ్వుకున్నాడని చెప్తారు. గుర్రాన్ని చుట్టుదారిలో వదిలేసి, తను అడ్డంగా మెట్లెక్కి ముందే పైకి చేరి కాసేపు కూర్చునేవాడట. షార్టెస్ట్ పాత్ అల్గారిథం నేర్చుకునేటప్పుడు మనకి ఈయన గురించి ఎవరూ చెప్పలేదు.

పైకి ఎక్కాక కిండర్. ఎత్తు 636 మీటర్లు, డర్బీషైర్‌లో ఇదే అన్నింటికన్నా ఎత్తు. వినడానికి చిన్నదే, మన హార్స్‌లీ హిల్స్ దీనికి దాదాపు రెట్టింపు. ఫొటోలో శిఖరం కోసం వెతికితే కనపడదు కూడా. పైన అంతా బల్లపరుపుగా, చెట్లు లేకుండా, హెదర్ పొదలూ నల్లటి బురదా ఉన్న పెద్ద బయలు. ఆ నల్లటిదాన్ని పీట్ అంటారు. నాచూ గడ్డీ సగం కుళ్లి వేల ఏళ్లుగా పేరుకున్న మట్టి. అంచు వెంబడి నడిస్తే గాలికి అరిగిన పెద్ద పెద్ద బండలు, తర్వాత కిండర్ డౌన్‌ఫాల్ అనే జలపాతం. పడమటి గాలి గట్టిగా వీస్తే ఆ నీళ్లు కిందికి పడకుండా పైకి ఎగురుతాయి. అక్క పంపిన వీడియో చూసి మొదట రివర్స్ చేసి పంపిందనుకున్నాను.

ఇప్పుడు 1932కి వద్దాం. అప్పట్లో ఈ బయలులోకి మామూలు జనం అడుగుపెట్టకూడదు. 19వ శతాబ్దంలో ఉమ్మడి భూముల్ని కంచెలు వేసి పెద్ద భూస్వాములకి పంచేశారు. వాళ్లకి అవి గ్రౌస్ అనే పక్షుల వేటకి కావాలి. ఏడాదిలో కొద్ది రోజులు వేట, మిగతా రోజులంతా కాపలా. కొండకి ఒక పక్క మాంచెస్టర్, ఇంకో పక్క షెఫీల్డ్. మిల్లుల్లో, ఉక్కు ఫ్యాక్టరీల్లో వారమంతా పొగ పీల్చినవాళ్లకి ఆదివారం ఒక్కటే సెలవు. రైలెక్కి కొండ దాకా వచ్చేవాళ్లు, కొండ మీద కాపలాదార్లు కర్రలతో నిలబడేవాళ్లు.

1932 ఏప్రిల్ 24, ఆదివారం. కిండర్‌కి అవతలి పక్కనున్న హేఫీల్డ్ అనే ఊరి నుంచి సుమారు 400 మంది కొండెక్కారు. వాళ్లని నడిపించింది బెన్నీ రాత్‌మన్, మాంచెస్టర్ కుర్రాడు, వయసు 20. అంటే మన థర్డ్ ఇయర్ సీనియర్ వయసు. ప్రచారం చూసుకున్నవాళ్లలో ఇవాన్ మకాల్ ఒకడు, తర్వాత పెద్ద జానపద గాయకుడయ్యాడు, అప్పటికి 17 ఏళ్లు. ఈడేల్ వైపు నుంచి షెఫీల్డ్ గుంపు ఒకటి ఎక్కి వచ్చి పైన వీళ్లని కలిసింది. మధ్యలో కాపలాదార్లతో తోపులాట జరిగింది, ఒక కాపలాదారుకి దెబ్బ తగిలింది. దిగి వచ్చేసరికి పోలీసులు. మొత్తం ఆరుగుర్ని అరెస్టు చేశారు. అనుమతి లేకుండా పొలంలో అడుగుపెట్టడం అప్పటికి నేరం కాదు, సివిల్ తగాదా. అందుకని వాళ్ల మీద గొడవ చేశారనీ, గుంపు కట్టారనీ కేసులు పెట్టారు. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలు. రాత్‌మన్‌కి నాలుగు నెలలు.

ఒక్క విషయం చెప్పాలి. ఇదొక్కటే అన్నింటినీ మార్చేసింది అని చాలాచోట్ల రాస్తారు, నాకది అతిగా అనిపిస్తుంది. పాత నడక సంఘాలవాళ్లు ఎప్పటి నుంచో కోర్టుల్లో, కమిటీల్లో ఓపిగ్గా పనిచేస్తున్నారు. ఈ కుర్రాళ్ల వల్ల చేసిన పని చెడుతుందని వాళ్లలో కొందరు కోప్పడ్డారు కూడా. కానీ నడిచినందుకు జైలుకి పోయారన్న వార్త దేశమంతా పాకింది, నడవని వాళ్లకి కూడా విషయం అర్థమైంది. తర్వాత 1949 చట్టం వచ్చింది, 1951లో పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొదటి నేషనల్ పార్క్ అయింది. పెన్నైన్ వేని లాంఛనంగా తెరిచింది 1965 ఏప్రిల్ 24న, సరిగ్గా అదే తారీఖు. 2000లో ఇంకో చట్టం చేసి కొండ బయళ్లలో దారి వదిలి కూడా తిరగొచ్చు అన్నారు. 2002లో డెబ్బై ఏళ్ల సభకి అప్పటి డెవన్‌షైర్ డ్యూక్ వచ్చి, తన తాత కాలంలో జరిగింది తప్పని అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. రాత్‌మన్ ఆ సభకి మూడు నెలల ముందే, ఆ ఏడాది జనవరిలో, చనిపోయాడు.

అలా తిరిగే హక్కు కూడా ఇంగ్లండ్ మొత్తం మీద 8 శాతం నేలకే. మిగతా చోట్ల బాణం ఉన్న గీత దాటితే మళ్లీ పరాయి భూమే. స్కాట్లండ్‌లో 2003 చట్టంతో దాదాపు అన్నిచోట్లా తిరగొచ్చు. సరిహద్దు దాటితే రూలు మారిపోతుంది, మనవాళ్లు గుర్తుంచుకోవాలి.

జనం వచ్చాక ఇంకో సమస్య. లక్షల బూట్ల కింద పీట్ కరిగిపోయింది. గ్రైండ్స్‌బ్రుక్ అనే వాగు వెంట ఎక్కే పాత దారి బాగా పాడవడంతో పెన్నైన్ వేని అక్కడి నుంచి జేకబ్స్ లాడర్ వైపుకి మార్చారు. బురద మీద హెలికాప్టర్లతో రాతి పలకలు తెచ్చి పరిచారు. ఆ పలకల్లో చాలా వరకు మూతపడ్డ బట్టల మిల్లుల నేల నుంచి ఊడదీసినవి. తాతలు ఏ మిల్లు నుంచి పారిపోయి కొండెక్కారో ఆ మిల్లు గచ్చే ఇప్పుడు కొండ మీద మనవళ్ల కాళ్ల కింద ఉందన్నమాట.

దిగేటప్పుడు ఆ గ్రైండ్స్‌బ్రుక్ మీదుగా దిగితే ఈడేల్‌కి తిరిగొస్తాం. మొత్తం సుమారు 14 కిలోమీటర్లు. ఎంతసేపు పడుతుంది? 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన ఒక లెక్క చెప్పాడు: ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. 14 కిలోమీటర్లకి 2.8 గంటలు, ఎక్కుడు 500 మీటర్లు అనుకుంటే 0.8, మొత్తం 3.6 గంటలు. ఇది ఆగకుండా నడిచేవాళ్లకి. పులిహోర డబ్బాలు తీసి, గ్రూప్ ఫొటోలు దిగే తెలుగు బ్యాచ్‌కి ఆరు గంటలు వేసుకోండి. డిసెంబర్‌లో అక్కడ నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే. కాబట్టి ఒకే రూట్ ఒక నెలలో పిక్నిక్, ఇంకో నెలలో ప్రమాదం.

ప్రమాదం అని ఊరికే అనట్లేదు. పైన మబ్బు దిగితే పది అడుగుల దూరం కనపడదు, బల్లపరుపు నేల కాబట్టి ఎటు చూసినా ఒకలాగే ఉంటుంది. ఫోన్ సిగ్నల్ నమ్ముకోలేం. చలికి బ్యాటరీ కూడా త్వరగా పడిపోతుంది. కాగితం మ్యాప్ కొనుక్కోండి. ఆర్డ్‌నన్స్ సర్వే వాళ్లది, 1:25,000 స్కేలు, డార్క్ పీక్ షీటు. అందులో హక్కుదారులు ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి. నల్ల చుక్కల గీత అంటే నేల మీద దారి ఉంది గానీ హక్కు ఉందో లేదో ఆ మ్యాప్ చెప్పదు. కాటన్ జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. ఏదైనా అయితే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అడిగి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని చెప్పాలి. వచ్చేవాళ్లు జీతం లేని వాలంటీర్లు. 999కి మెసేజ్ కూడా పంపొచ్చు, కానీ నంబర్‌ని ముందే రిజిస్టర్ చేసుకుని ఉండాలి. ఆ పని ఇంట్లో ఉండగానే చేసేయండి.

ఇదంతా విని భయపడితే రెండో రూట్ ఉంది, మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది అదే. ఈడేల్‌కి దక్షిణాన ఒక పొడవాటి గట్టులాంటి కొండ. ఒక చివర మామ్ టోర్, 517 మీటర్లు. ఇంకో చివర లూజ్ హిల్, 476 మీటర్లు. మామ్ టోర్ మట్టి ఎప్పుడూ జారుతూ ఉంటుంది. కింద వేసిన రోడ్డుని బాగుచేసీ బాగుచేసీ విసుగొచ్చి 1979లో పూర్తిగా మూసేశారు. విరిగి ముడతలు పడ్డ ఆ తారురోడ్డు ఇప్పటికీ ఉంది. రెండింటి మధ్య గట్టు కాస్త కిందికి వంగిన చోటుని హాలిన్స్ క్రాస్ అంటారు. ఈడేల్ నుంచి నేరుగా అక్కడికి ఎక్కొచ్చు.

ఆ ఎక్కే దారి శవాల దారి. 17వ శతాబ్దంలో సొంత చాపెల్ కట్టుకునే దాకా ఈడేల్ వాళ్లు చనిపోయినవాళ్లని ఈ కొండ మీదుగా మోసుకెళ్లి అవతల కాసిల్టన్‌లో పూడ్చేవాళ్లు. తర్వాత అదే దారిలో కాసిల్టన్ వైపు నుంచి ఆడవాళ్లు ఈడేల్ నూలు మిల్లుకి పనికి వచ్చేవాళ్లు. ఇప్పుడు అక్క వాళ్లు వెళ్తున్నారు. ఎవరూ ప్లాన్ వేసి కట్టిన దారి కాదు, అవసరం ఉండి నడిచారు, అది దారి అయింది.

ఇలాంటి పాత దారులు చాలా వాటిని మ్యాప్‌లో ఎక్కించడం మర్చిపోయారు. 2000 చట్టంలోనే దానికి ఒక గడువు పెట్టారు: 2026 లోపు ఎక్కించని పాత దారుల హక్కు పోతుందని. నడక సంఘాల వాలంటీర్లు కూర్చుని పాత మ్యాపుల్ని కొత్తవాటితో పోల్చి చూస్తే, మ్యాప్‌లో ఎక్కకుండా మిగిలిపోయి ఉండొచ్చనిపించే దారులు 49,000 మైళ్లకి పైగా తేలాయి. గడువుని 2031కి జరిపారు. 2024 చివర్లో ఆ గడువునే తీసేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. రెండు మ్యాపుల్ని పక్కపక్కన పెట్టి తేడా గీతలు వెతకడం కష్టమైన పనేమీ కాదు, ఓపిక కావాలి, అంతే. మా అమ్మమ్మ ఊరి గ్రామ పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూడాలని నాకూ ఉంది. పటం కాపీ కోసం ఈ సెలవుల్లో వెళ్తా.

హాలిన్స్ క్రాస్ నుంచి ఎడమకి తిరిగి గట్టు మీదే నడిస్తే లూజ్ హిల్ వస్తుంది. దాని పైభాగానికి వార్డ్స్ పీస్ అని పేరు. షెఫీల్డ్‌లో 1900లో నడక క్లబ్ పెట్టిన వార్డ్ అనే కార్మికుడికి 1945లో నడిచేవాళ్లు ఆ చోటు బహుమతిగా ఇస్తే, ఆయన అందరి కోసం నేషనల్ ట్రస్ట్‌కి రాసిచ్చేశాడు. అక్కడి నుంచి పొలాల్లోంచి కిందికి దిగితే హోప్. మొత్తం తొమ్మిది కిలోమీటర్ల లోపే. స్టేషన్ ఊరికి కాస్త దూరంగా తూర్పు పక్కన ఉంటుంది కాబట్టి చివరి పావుగంట లెక్కలో వేసుకోండి. ఆదివారం రైళ్లు తక్కువ, టైమ్‌టేబుల్ ముందే చూసుకోవాలి. బూట్ల బురద ప్లాట్‌ఫాం మీదే దులిపేసుకుంటే రైల్లో పక్కవాళ్లు సంతోషిస్తారు.